ఒత్తైన జుట్టుకు ఎక్కువ వేడి అక్కర్లేదు

ఏడేళ్ళ క్రితం విజయవాడ బీసెంట్ రోడ్డులోని ఒక దుకాణంలో నేను మొట్టమొదటి హెయిర్ స్ట్రెయిటనర్ కొన్నప్పుడు, అక్కడి అబ్బాయి నా జడను ఒకసారి చూసి, “మీ జుట్టు బాగా ఒత్తండీ, మామూలువి ఆనవు, 230 డిగ్రీలు వచ్చేదే తీసుకోండి” అన్నాడు. నడుము దాటిన జడ, పిడికిలికి పట్టనంత జుట్టు ఉన్న నాకు ఆ మాట సబబుగానే తోచింది. పెట్టె మీద పెద్ద అక్షరాల్లో అచ్చువేసిన ఆ అంకెను చూసి, పెద్ద పనికి పెద్ద వేడి కావాలి కదా అనుకుని, 1,100 రూపాయలిచ్చి తెచ్చుకున్నాను. ఆ తర్వాత నేను పోగొట్టుకున్న జుట్టు, దాన్ని తిరిగి పెంచుకోవడానికి పట్టిన కాలం, ఆ కాలంలో అడిగి, చదివి, చేసి తెలుసుకున్న సంగతులు అన్నీ కలిసి నాలో ఒక గట్టి అభిప్రాయాన్ని ఏర్పరిచాయి. పొడవైన, ఒత్తైన జుట్టు ఉన్నవాళ్ళకు అంగళ్ళలో చెప్పే ఆ సలహా మూలంలోనే తప్పు. ఒత్తు పెరిగేకొద్దీ మనకు కావలసింది వెడల్పైన ప్లేట్లు, నిలకడైన వేడి, కూర్చుని చేసుకునే ఓపిక. ఎక్కువ డిగ్రీలతో దానికి పని లేదు.

దోశల పెనం సంగతి చూడండి. ఇద్దరికి వేసినా ఇరవై మందికి వేసినా పెనం వేడి ఒక్కలాగే ఉండాలి. ఇరవై మంది వచ్చారని మంట రెట్టింపు చేస్తే మొదటి దోశే మాడిపోతుంది. పెరగవలసింది దోశల లెక్క. జుట్టుకూ ఇదే వర్తిస్తుంది. స్ట్రెయిటనర్ ప్లేట్ల మధ్యకు జుట్టంతా ఒకేసారి వెళ్ళదు, ఒక పలుచని పాయ మాత్రమే వెళుతుంది. ఆ పాయలోని ఒక్కొక్క వెంట్రుక ఎంత లావుగా ఉందో దాన్ని బట్టి దానికి కావలసిన వేడి ఉంటుందే తప్ప, పక్కన క్లిప్పు పెట్టి ఆపిన మిగతా ముప్పై పాయలతో దానికి ఏ సంబంధమూ లేదు.

నిజానికి మన భాషలో ఈ రెండు గుణాలకూ వేరువేరు మాటలు ముందునుంచీ ఉన్నాయి. మాడు మీద వెంట్రుకలు దగ్గర దగ్గరగా మొలిచి జడ లావుగా కనిపిస్తే ఒత్తైన జుట్టు అంటాం. ఒక్కొక్క వెంట్రుక విడిగా లావుగా, గరుకుగా ఉంటే ముతక జుట్టు అంటాం. సన్నబియ్యం బస్తా నిండుగా ఉన్నంత మాత్రాన ఆ గింజ లావు కాదని మనకు తెలుసు. ప్రకటనల్లోనూ పెట్టెల మీదా కనిపించే ‘థిక్ హెయిర్’ అన్న ఒక్క మాట ఈ రెంటినీ కలిపేసింది, ఆ కలిపేసిన మాటను నమ్మి నాలాంటి వాళ్ళు ఎందరో సన్నని వెంట్రుకల మీద ముతక వెంట్రుకకు కూడా ఎక్కువైన వేడిని పెట్టారు. మనిషి తల మీద సుమారు లక్ష వెంట్రుకలుంటాయి. ఒక్కొక్క వెంట్రుక మందం ఇంచుమించు 50 మైక్రాన్ల నుంచి 100 మైక్రాన్ల దాకా (మైక్రాన్ అంటే మిల్లీమీటరులో వెయ్యోవంతు), అంటే ఒకరికీ ఇంకొకరికీ రెట్టింపు తేడా వచ్చేంతగా మారుతుంది. మీది ఏ రకమో తెలుసుకోవడానికి ఏ పరికరమూ అక్కర్లేదు. దువ్వెనలో ఊడివచ్చిన ఒక వెంట్రుకను బొటనవేలికీ చూపుడువేలికీ మధ్య పెట్టి దొర్లించండి. వేళ్ళకు దాదాపు ఏమీ తగలకపోతే అది సన్నం. కుట్టుదారపు పోగులా స్పష్టంగా తగిలితే అది ముతక. నా వెంట్రుక నా వేళ్ళకు ఆనీ ఆననట్టుగా ఉంటుంది. జడ అంత లావుగా ఉన్నా నాది సన్నని జుట్టేనని ముప్పై ఏళ్ళు దాటాక గాని నాకు తెలియలేదు.

ఇస్త్రీ పెట్టె బట్ట మీద చేసే పనికీ స్ట్రెయిటనర్ జుట్టు మీద చేసే పనికీ దగ్గరి పోలిక ఉంది. వెంట్రుకలోని కెరాటిన్ అనే ప్రోటీన్ పోగులను పట్టి ఉంచే బంధాల్లో ముఖ్యమైనవి రెండు రకాలు. డైసల్ఫైడ్ బంధాలు గట్టివి. జుట్టు పుట్టుకతో వంకీలుగా ఉండాలో తిన్నగా ఉండాలో నిలబెట్టేవి అవి, వాటి జోలికి స్ట్రెయిటనర్ పోకూడదు. హైడ్రోజన్ బంధాలు బలహీనమైనవి. నీళ్ళు తగిలినా వేడి తగిలినా విడిపోతాయి, ఆరాక, చల్లారాక అప్పుడు వెంట్రుక ఏ రూపంలో ఉంటే ఆ రూపంలోనే మళ్ళీ ముడిపడతాయి. తడి జుట్టును జడ వేసుకుని పడుకుంటే తెల్లారేసరికి అలలు అలలుగా తేలడానికి కారణం ఇదే. స్ట్రెయిటనర్‌తో మనం చేసేదల్లా ఈ బలహీనమైన బంధాలను వేడితో విడదీసి, వెంట్రుకను తిన్నగా పట్టి ఉంచి, అలాగే చల్లారనివ్వడం. అందుకే విజయవాడలో ఆగస్టు నెల ఉక్కలో ఉదయం తీర్చిన జుట్టు సాయంత్రానికల్లా గాలిలోని తేమను పీల్చుకుని మళ్ళీ పొంగేది, హైదరాబాదుకు మారాక ఏప్రిల్ నెల పొడి ఎండల్లో అదే జుట్టు మూడో రోజుకు కూడా చెక్కుచెదరకుండా ఉండేది. తేమ వల్ల తిరిగి వచ్చే వంకీని ఇంకో ముప్పై డిగ్రీలు పెంచి ఆపలేం. ఆ సంగతి తెలియక నేను విజయవాడలో రోజూ వేడి పెంచుకుంటూ పోయాను.

ఈ బలహీనమైన బంధాలను విడదీయడానికి 230 డిగ్రీలు అవసరం లేదు. సన్నని వెంట్రుకకూ రంగు వేసిన జుట్టుకూ 150 నుంచి 165, నడిమి రకానికి 170 నుంచి 185, బాగా ముతకగా ఉండి మొండికేసే జుట్టుకు 200 లోపు సరిపోతుందని నా అనుభవం. బ్రిటన్‌కు చెందిన జీహెచ్‌డీ సంస్థ స్ట్రెయిటనర్లలో చాలావాటికి వేడిని మార్చే మీటే ఉండదు, అవి 185 డిగ్రీల దగ్గర నిలిచిపోతాయి. డైసన్ సంస్థ 2020లో తెచ్చిన కొరేల్ అనే స్ట్రెయిటనర్‌లో ఉన్న మెట్లు మూడు: 165, 185, 210. అంత ఖరీదైన యంత్రాలు తయారుచేసేవాళ్ళే అక్కడ ఆగిపోతుంటే, వెయ్యి రూపాయల యంత్రం పెట్టె మీద 230 అన్న అంకె గొప్పగా మెరవడం గురించి కొనేవాళ్ళు ఒక్క క్షణం ఆలోచించాలి. బాగా ఆరిన వెంట్రుకలో కెరాటిన్ శాశ్వతంగా రూపు చెడడం కూడా దాదాపు ఆ 230 డిగ్రీల ప్రాంతంలోనే మొదలవుతుంది. తడి వెంట్రుకలో అయితే దాదాపు 150 దాటితే చాలు, ఆ ప్రమాదం ఉంది.

తడి గురించి నేను నేర్చుకున్న పాఠం ఖరీదైనది. మా పెదనాన్నగారి అబ్బాయి పెళ్ళి గుడివాడలో, ఉదయం ముహూర్తం. నాలుగింటికే లేచి తలంటు పోసుకుని, ఒక గంట ఫ్యాను కింద ఆరబెట్టుకున్నాను. పైన చేయి పెట్టి చూస్తే పొడిగానే తగిలింది. అంత ఒత్తైన జుట్టులో లోపలి పొరలు, ముఖ్యంగా మెడ వెనక ఉన్నవి, ఆరడానికి మూడు నాలుగు గంటలు పడుతుందని తెలిసి కూడా తొందరలో ఆ సంగతి పక్కన పెట్టాను. స్ట్రెయిటనర్‌ను 230 దగ్గర పెట్టి మెడ దగ్గరి మొదటి పాయను ప్లేట్ల మధ్య నొక్కగానే చుయ్‌మని చప్పుడు వచ్చి, ఆవిరి లేచింది. దానితోపాటే కోడి ఈకలు కాల్చినప్పుడు వచ్చే వాసన సన్నగా ముక్కుకు తగిలింది. కొత్త యంత్రం కదా, మొదట్లో అలాగే ఉంటుందేమో అనుకుని, మిగతా జుట్టంతా అలాగే ముగించాను. పెళ్ళిలో అందరూ జుట్టు పట్టులా ఉందన్నారు.

మూడు వారాల తర్వాత దువ్వుకుంటుంటే పొట్టి ముక్కలు రాలడం మొదలైంది. కుదుళ్ళ నుంచి ఊడిన వెంట్రుకకు చివర చిన్న తెల్లని బొడిపె ఉంటుంది. ఈ ముక్కలకు అది లేదు, అంటే మధ్యలో విరిగినవన్నమాట. కిటికీ దగ్గర వెలుతురులో ఒక పాయను పట్టి చూస్తే, కొసల నుంచి జానెడు పైదాకా అక్కడక్కడా ఆవగింజలో పదోవంతు ఉండే తెల్లని చుక్కలు కనిపించాయి. చుక్క ఉన్న చోట వెంట్రుకను కాస్త వంచితే చాలు, ఎండు గడ్డిపరకలా తెగిపోయేది. చర్మవైద్యురాలు భూతద్దంలో చూసి, వెంట్రుక లోపలి నీరు ఒక్కసారిగా ఆవిరై, బయటికి పోయే దారి లేక లోపలే బుడగలు కట్టి, గోడలను చీల్చిందని వివరించారు. వైద్యంలో దీనికి ‘బబుల్ హెయిర్’ అనే పేరే ఉంది. మందు ఏమిటని అడిగితే, “కత్తెరేనమ్మా” అన్నారు. జానెడుకు పైగా కత్తిరించవలసి వచ్చింది.

ఆ జానెడు జుట్టు విలువ ఎంతో చెప్పాలంటే ఒక చిన్న లెక్క చూడాలి. జుట్టు నెలకు ఇంచుమించు సెంటీమీటరు, మహా అయితే సెంటీమీటరుంపావు పెరుగుతుంది, అంటే ఏడాదికి 12 నుంచి 15 సెంటీమీటర్లు. నా జుట్టు పొడవు అప్పుడు 85 సెంటీమీటర్లు. ఆ లెక్కన దాని కొసన ఉన్న భాగం ఆరేడేళ్ళ కిందట, నేను ఇంకా చదువుకుంటున్న రోజుల్లో, మాడులోంచి బయటికి వచ్చింది. ఆరేడేళ్ళు ఎండనూ, దుమ్మునూ, వందల తలంట్లనూ, వేల సార్లు దువ్వెననూ ఓర్చుకున్న భాగం అది. వెంట్రుక మాడు దాటి బయటికి వచ్చాక దానిలో ప్రాణం ఉండదు, దెబ్బ తగిలితే తనంత తాను బాగుచేసుకోలేదు. భుజాల దాకా జుట్టు ఉన్న అమ్మాయి చేసిన పొరపాటు రెండు మూడేళ్ళలో కత్తెరతో పోతుంది. నడుము దాటిన జుట్టున్న మనిషి చేసిన పొరపాటు ఆరేళ్ళు వెంట ఉంటుంది. పొడవైన జుట్టు కోసం స్ట్రెయిటనర్ ఎంచుకోవడం వేరే పని అని నేను అంతగా పట్టుబట్టేది ఇందుకే. మన ఎంపిక ఆ పాత కొసలను దృష్టిలో పెట్టుకుని జరగాలి. కుదుళ్ళ దగ్గరి కొత్త జుట్టు ఎంత వేడికి ఓర్చుకుంటుందన్నది కొలత కాకూడదు.

ఇక కొనేటప్పుడు చూడవలసినవాటిలో అన్నిటికంటే ముఖ్యమైనది ప్లేటు వెడల్పు అని నా నమ్మకం. మన దగ్గర ఎక్కువగా అమ్ముడుపోయేవి 25 మిల్లీమీటర్ల ప్లేట్లు, అంటే అంగుళం వెడల్పువి. అవి భుజాల దాకా ఉన్న జుట్టుకు, ముందువైపు పొట్టి వెంట్రుకలకు, కొసలను లోపలికి తిప్పుకోవడానికి బాగుంటాయి. నేను ఆ సన్నప్లేట్ల యంత్రంతో చేసుకున్నప్పుడు జుట్టును 64 పాయలు చేయవలసి వచ్చేది, ప్రతి పాయనూ కనీసం మూడుసార్లు లాగేదాన్ని. మొత్తం 192 సార్లు. ఇప్పుడు వాడుతున్న దాని ప్లేట్లు 38 మిల్లీమీటర్లు, అంటే అంగుళంన్నర. దానితో 40 పాయలు, ఒక్కొక్క పాయకు ఒకే లాగు. మెడ దగ్గర మాత్రం ఒక్కోసారి రెండోది కావలసి వస్తుంది. ఒకప్పుడు నా వెంట్రుక ఒక్కొక్కటీ 230 డిగ్రీల వేడిని మూడుసార్లు భరించేది, ఇప్పుడు 165 డిగ్రీలను ఒకసారి భరిస్తోంది. ఫలితం చూడటానికి రెండూ ఒకటే. రెండంగుళాల ప్లేట్లు కూడా దొరుకుతాయి గాని, అవి బరువెక్కువ, చెవి దగ్గరా మెడ దగ్గరా కాలే ప్రమాదం ఎక్కువ కనుక నాకు నచ్చలేదు.

వెడల్పు తర్వాత చూడవలసింది ప్లేటు తన వేడిని ఎంత నిలకడగా పట్టి ఉంచగలదన్నది. పెట్టె మీద ఎవరూ రాయని గుణం ఇదే. పొడవైన పాయను కుదుళ్ళ నుంచి కొసదాకా లాగడానికి పదిహేను, ఇరవై సెకన్లు పడుతుంది. అంతసేపూ జుట్టు ప్లేట్లలోని వేడిని పీల్చుకుంటూనే ఉంటుంది. పలుచని పెనం మీద చల్లని పిండి పోయగానే పెనం చల్లబడి దోశ అతుక్కుపోయినట్టు, నాసిరకం ప్లేటు పాయ మధ్యకు వచ్చేసరికి చల్లబడుతుంది. వేడిని కొలిచే సెన్సర్ ఒక్కటే ఉండి, అది కూడా మందకొడిగా పనిచేస్తే, చల్లబడ్డాక ఒక్కసారిగా వేడెక్కి, కొసల దగ్గరికి వచ్చేసరికి పెట్టిన అంకెను దాటిపోతుంది. కుదుళ్ళు సగం తిన్నగా, మధ్యభాగం వంకరగా, కొసలు మాడి ఉండటం దీని ఫలితం. అది చూసి మనం వేడి చాలలేదనుకుంటాం, ఇంకో పది డిగ్రీలు పెంచుతాం, మళ్ళీ లాగుతాం. పొడవు తక్కువ ఉన్న జుట్టులో ఈ లోపం బయటపడదు, అందుకే చాలామందికి బాగానే ఉందనిపించిన యంత్రం మనకు పనికిరాకపోవచ్చు.

ఈ నిలకడకు ప్లేటు దేనితో చేశారన్నది కొంతవరకు కారణం. సిరామిక్ ప్లేట్లు నెమ్మదిగా వేడెక్కుతాయి, వేడిని సమానంగా పరుస్తాయి, మన చేయి కాస్త నెమ్మదించినా క్షమిస్తాయి. టైటానియం ప్లేట్లు చప్పున వేడెక్కుతాయి, చల్లబడితే చప్పున పుంజుకుంటాయి, తేలికగా కూడా ఉంటాయి. ముతక జుట్టున్నవాళ్ళకు, చేయి తిరిగినవాళ్ళకు అవి బాగా పనికివస్తాయి, కాని ఒక చోట రెండు సెకన్లు ఎక్కువ ఆపితే అక్కడ గుర్తు పడుతుంది. నాలా సన్నని వెంట్రుక, ఒత్తైన జుట్టు ఉన్నవాళ్ళకు సిరామిక్కే మేలని నా అభిప్రాయం. అయితే తక్కువ ధరలో సిరామిక్ అని అమ్మేవి చాలావరకు అల్యూమినియం ప్లేటు మీద పలుచగా పూత పూసినవి. ఏడాది, ఏడాదిన్నర వాడేసరికి అంచుల దగ్గర ఆ పూత లేచిపోతుంది, లేచిన చోట వెంట్రుకలు పట్టుకుని తెగుతాయి. ఆ దశకు వచ్చిన యంత్రాన్ని, ఎంత ప్రేమగా దాచుకున్నదైనా, పారేయవలసిందే. టూర్మలిన్ అనే ఖనిజం కోసమో, అయాన్లనే విద్యుదావేశ కణాల కోసమో, ప్లేట్లలో కలిపామని చెప్పే ఆర్గాన్ నూనె కోసమో ఎక్కువ డబ్బు ఇవ్వవలసిన పని లేదు.

దుకాణంలో నిలబడి పరీక్షించగలిగినవి కొన్ని ఉన్నాయి. ప్లేట్లు మూసి, వెలుతురుకు అడ్డంగా పట్టి చూస్తే మధ్యలో ఎక్కడా సందు కనిపించకూడదు. ప్లేటు ఒక చివర వేలితో నొక్కితే అది కాస్త లోపలికి దిగి, వదలగానే తిరిగి రావాలి. ఈ కదలిక ఉన్న ప్లేట్లు పాయ ఎక్కడ ఎంత మందంగా ఉంటే అక్కడ అంతే సర్దుకుంటాయి కనుక జుట్టును నలిపి లాగవు. అంచులు గుండ్రంగా ఉండాలి. వేడి ఎంతో డిగ్రీల్లో తెరమీద కనిపించాలి. ఒట్టి ఎర్రదీపం మాత్రమే వెలిగే యంత్రం ఎంత చవకైనా వద్దు. అన్నిటికీ మించి, అమ్మేవాళ్ళను ఇది ఎంత పైకి వెళుతుందని అడగకండి, ఎంత కిందికి దిగుతుందని అడగండి. 120 నుంచి మొదలై ఐదు, పది డిగ్రీల చొప్పున పెంచుకునే వీలున్నది మనకు అక్కరకు వస్తుంది. ముప్పై సెకన్లలోనే వేడెక్కుతుందని గొప్పగా చెబుతారు. ముప్పావుగంట పట్టే పనిలో ఆ అర నిమిషం వల్ల మనకు ఒరిగేది ఏమిటి? అంతకంటే, తనంత తాను ఆగిపోయే ఏర్పాటు ఎంతసేపటికి పనిచేస్తుందో అడగడం మంచిది. ఆ ఏర్పాటు తప్పనిసరిగా ఉండాలి, కాని అరగంటకే ఆగిపోయేది మన జుట్టు సగంలో ఉండగా చల్లారిపోతుంది. గంటకు ఆగేది సరిగ్గా సరిపోతుంది. తీగ రెండున్నర మీటర్లు ఉండి, యంత్రానికి అతికిన చోట గుండ్రంగా తిరిగేదై ఉంటే మెలిపడదు. బరువు కూడా చేతిలోకి తీసుకుని చూడండి. చెయ్యెత్తి నలభై పాయలు లాగేసరికి వంద గ్రాముల తేడా భుజానికి బాగా తెలుస్తుంది.

అమెరికాలో ఉండే బంధువులు తెచ్చిపెట్టే యంత్రాల విషయంలో ఒక మాట చెప్పకుండా ఉండలేను, ఎందుకంటే మన ఇళ్ళలో ఇది తరచూ జరుగుతుంది. మా వదిన డాలస్ నుంచి వస్తూ మంచి స్ట్రెయిటనర్ తెచ్చారు. పిన్ను మార్చే అడాప్టరు పెట్టి గోడకు తగిలించగానే రెండు నిమిషాల్లో ప్లాస్టిక్ కాలిన వాసన వచ్చి, అది ఆగిపోయింది. అక్కడి కరెంటు 120 వోల్టులు, మనది 230. వోల్టేజీ దాదాపు రెట్టింపు అయినప్పుడు వేడిచేసే తీగ లాగే శక్తి వర్గం లెక్కన పెరుగుతుంది కనుక, ఆ యంత్రం తాను తట్టుకోగలిగిన దానికి మూడున్నర రెట్ల పైచిలుకు శక్తిని లాగింది. అడాప్టరు పిన్ను ఆకారాన్ని మాత్రమే మారుస్తుంది, వోల్టేజీని మార్చదు. యంత్రం మీద 100 నుంచి 240 వోల్టుల దాకా అని రాసి ఉంటేనే ఇక్కడ వాడాలి.

తడి జుట్టు మీదే వాడవచ్చంటూ ప్లేట్లకు కన్నాలు పెట్టి అమ్మే రకాలను, నా జుట్టుకు జరిగింది గుర్తున్నంత కాలం నేను ఎవరికీ సిఫారసు చేయను. డైసన్ 2023లో తెచ్చిన ఎయిర్‌స్ట్రెయిట్ పద్ధతి వేరు. అది కాలే ప్లేట్ల మధ్య నొక్కకుండా, గాలిని జోరుగా వదిలి ఆరబెడుతూ తిన్నగా చేస్తుంది. ధర మాత్రం చాలామందికి అందేది కాదు. దువ్వెన ఆకారంలో వచ్చే వేడి బ్రష్‌లు పొంగును అణచడానికి పనికివస్తాయి, సమయం కూడా ఆదా అవుతుంది. అయితే ఒత్తైన జుట్టు లోపలి పొరల దాకా వాటి వేడి చేరదు కనుక, పూర్తిగా తిన్నని జుట్టు కావాలనుకునేవాళ్ళకు నిరాశే మిగులుతుంది.

ఇంత శ్రమ ఎందుకు, పార్లరులో ఒకసారి స్మూతెనింగ్ చేయిస్తే ఆరు నెలల దాకా చూసుకోనక్కర్లేదు కదా అని నన్ను చాలామంది అడిగారు. అక్కడ నేను కచ్చితంగా వ్యతిరేకిస్తాను. జుట్టును తిన్నగా చేసే రసాయనాల్లో కొన్ని వేడి తగిలినప్పుడు ఫార్మాల్డిహైడ్ వాయువును వదులుతాయి. అది మనుషుల్లో క్యాన్సర్ కలిగించే పదార్థమని ప్రపంచ ఆరోగ్య సంస్థకు చెందిన క్యాన్సర్ పరిశోధనా విభాగం తేల్చింది. దానికి బదులుగా వచ్చిన గ్లైఆక్సిలిక్ ఆమ్లం ఉన్న క్రీము పెట్టించుకున్న ప్రతిసారీ, అంటే మూడుసార్లు, మూత్రపిండాలు దెబ్బతిన్న 26 ఏళ్ళ యువతి ఉదంతాన్ని ఫ్రాన్స్ వైద్యులు 2024లో ప్రచురించారు. అమెరికాలో 33,497 మంది మహిళలను దాదాపు 11 ఏళ్ళు గమనించి 2022లో ప్రకటించిన పరిశోధన ప్రకారం, తిన్నగా చేసే రసాయనాలు ఎన్నడూ వాడనివాళ్ళలో 70 ఏళ్ళలోపు గర్భాశయ క్యాన్సర్ వచ్చే అవకాశం 1.64 శాతం ఉండగా, ఏడాదిలో నాలుగుసార్లకు మించి వాడినవాళ్ళలో అది 4.05 శాతం ఉంది. ఆ రసాయనాలే క్యాన్సర్‌కు కారణమని ఈ అంకెలు రుజువు చేయవు, నిజమే. కాని స్ట్రెయిటనర్ తప్పుగా వాడితే పోయేది జుట్టు మాత్రమే, అది నెలకో సెంటీమీటరు చొప్పున తిరిగి వస్తుంది. మూత్రపిండం అలా తిరిగి రాదు.

వాడే తీరు గురించి నేను పాటించేవి తక్కువే. తలంటు ముందురోజు సాయంత్రమే ముగుస్తుంది, స్ట్రెయిటనర్ మర్నాడు. మెడ వెనక లోపలి పొరలో కాగితపు న్యాప్‌కిన్ దూర్చి నొక్కితే దానికి చెమ్మ అంటకూడదు. వేడి నుంచి కాపాడే సీరమ్ రాస్తే అది కూడా పూర్తిగా ఆరాకే ప్లేటు తగలాలి. కొబ్బరినూనె స్థానం తలంటుకు ముందు. జుట్టు ప్రోటీన్ నష్టపోకుండా అది కాపాడుతుందని 2003లో ఒక పరిశోధన చూపింది గాని, నూనె ఉన్న జుట్టు మీద ప్లేటు పెడితే పొగ లేస్తుంది, ప్లేటుకు జిడ్డు పట్టి పూత పాడవుతుంది. పదిహేను రోజులకు ఒకసారికి మించి నేను స్ట్రెయిటనర్ ముట్టుకోను. మిగతా రోజులన్నీ మా అమ్మ నేర్పిన మూడు పాయల జడే.

మొన్న సంక్రాంతికి మా అక్క కూతురు వచ్చింది. డిగ్రీ రెండో ఏడాది చదువుతోంది, జడ నడుము దాటింది. “పిన్నీ, షాపులో అందరూ 230 ఉన్నదే చూపిస్తున్నారు, నా జుట్టుకు అంతకంటే తక్కువైతే పనిచేయదంటున్నారు” అంది. జుట్టంతా వెనక్కి తీసి రబ్బరుబ్యాండు పెట్టి, కొలత టేపు చుట్టి చూస్తే నాలుగున్నర అంగుళాలు వచ్చింది, అంటే నిజంగానే బాగా ఒత్తు. దువ్వెనలోంచి ఒక వెంట్రుక తీసి తన వేళ్ళ మధ్యే పెట్టి దొర్లించమన్నాను. “ఏమీ తగలట్లేదు పిన్నీ” అంది ఆశ్చర్యంగా. మర్నాడు ఇద్దరం వెళ్ళి, 38 మిల్లీమీటర్ల సిరామిక్ ప్లేట్లు ఉండి 120 దాకా కిందికి దిగేదాన్ని 3,200 రూపాయలకు తెచ్చాం. కనుమ నాటి ఉదయం, కిటికీ పక్కన కూర్చోబెట్టి, మెడ దగ్గర ఒక పాయ తీసి, 160 దగ్గర పెట్టి మొదటిసారి తన చేతే లాగించాను. చుయ్‌మన్న చప్పుడు లేదు, వాసన లేదు. పాయ మధ్యలో ఒక చోట లేత అల మిగిలింది.

“ఇంకో పది డిగ్రీలు పెంచనా పిన్నీ?” అని అడిగింది.

ఆ పాయ కొసను చేతిలోకి తీసుకుని వెలుతురుకు పట్టి చూశాను. ఒక్క చుక్క కూడా లేదు. “వద్దమ్మా, అది చల్లారనీ. రెండో పాయను దీనికంటే కాస్త పలుచగా తీయి” అన్నాను.